మనసును అడగకుండానే

పొలం గట్టు మీద చెప్పుల్లేకుండా నడుస్తుంటే అరికాల్లో తుమ్మముల్లు దిగుతుంది. ‘అబ్బా’ అనేలోపే కాలు పైకి లేచిపోతుంది. నొప్పి పుట్టింది కాబట్టి కాలు తీశామనుకుంటాం. నిజానికి కాలు లేవడం మొదలయ్యాకే నొప్పి తెలుస్తుంది.

అరికాలి నుంచి బయల్దేరిన కబురు నరాల వెంట వెన్నుపాముకు చేరుతుంది. అక్కడి నుంచి ఒక దారి మెదడుకు వెళ్తుంది. మెదడు జవాబు కోసం ఆగకుండా వెన్నుపాము తనంతట తానే కాలి కండరాలకు ఆజ్ఞ పంపుతుంది. మోకాలు ముడుచుకుని పాదం పైకి వస్తుంది. అదే సమయంలో రెండో కాలు బిగుసుకుని ఒంటి బరువంతా మోస్తుంది. అలా బిగుసుకోకపోతే ముల్లు తప్పించుకున్న మనిషి నేల మీద పడేవాడు. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ ఇలాంటి చర్యల గుట్టు విప్పడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. నాడీకణాల పనితీరు మీద చేసిన కృషికి 1932లో ఎడ్గార్ ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ముల్లు తీశాక మిగిలే సలుపును మోసుకొచ్చేవి వేరే నరపోగులు. వాటి వేగం సెకనుకు సుమారు ఒక మీటరే. కాలు తీయాలా వద్దా అన్నది వాటికి వదిలేసి ఉంటే ముల్లు ఇంకా లోతుకు దిగేది.

బడిపుస్తకాల్లో చదువుకున్న అసంకల్పిత ప్రతీకార చర్య ఇదే. అయితే మెదడుకు ఇందులో బొత్తిగా పెత్తనం లేదనుకోకూడదు. కాలుతున్న గిన్నె చేతిలో ఉండగా పక్కనే పసిబిడ్డ పాకుతుంటే, తల్లి చెయ్యి కాలినా గిన్నె వదలదు. వెన్నుపామును ఆపమని మెదడు పైనుంచి కబురు పెడుతుంది.

ఒళ్లు ఇలా మనసును అడగకుండా పనిచేయడానికి తొందర ఒక్కటే కారణం కాదు. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది రెండో కారణం. కొన్ని పనులను మన శ్రద్ధకు అప్పగించడం ప్రమాదం. మన గొంతులో అన్నం దారి, గాలి దారి ఒకదాన్నొకటి దాటుకుని వెళ్తాయి. మింగిన ప్రతిసారీ ఊపిరి క్షణకాలం ఆగాలి, స్వరతంత్రులు మూసుకోవాలి, గాలిగొట్టం పైనున్న మూత వాలాలి. నిద్రలో లాలాజలం మింగినా ఇదంతా జరగాలి. ఇది మన ఇష్టాయిష్టాల మీద నడిచేదైతే ఎవరికీ కంటి మీద కునుకు ఉండేది కాదు. మింగడాన్నీ దగ్గునూ నడిపించే కేంద్రాలు మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే కాండంలో ఉన్నాయి.

మాట్లాడుతూ తింటే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ పెద్దవాళ్లు నెత్తి మీద తడతారు. గాలిగొట్టంలో పడిన మెతుకును బయటికి నెట్టేది మాత్రం దగ్గే. గట్టిగా దగ్గగలుగుతున్న మనిషిని దగ్గనివ్వాలి, ఆ సమయంలో నీళ్లు తాగమని బలవంతపెట్టకూడదు.

స్పృహ తప్పితే ఈ కాపలా సడలుతుంది. మన ఊళ్లలో జరిగే ఒక పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్ల నోట్లో నీళ్లు పోస్తారు. షుగర్ తగ్గి తెలివి తప్పినవాళ్ల నోట్లో పంచదార నీళ్లు పోస్తారు. మంచి మనసుతో పోసిన ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దయచేసి ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఆపరేషన్‌కు ముందు ఆరు గంటలు ఏమీ తినవద్దని, ఆఖరి రెండు గంటలు మంచినీళ్లు కూడా తాగవద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. మత్తులో దగ్గు, మింగుడు పనిచేయవు. కడుపులోది పైకి వస్తే అడ్డుకునేదేమీ ఉండదు.

డాక్టర్లు ఈ చర్యలను మరోచోట ఎంతో జాగ్రత్తగా వెతుకుతారు. మన దేశంలో బ్రెయిన్‌డెడ్ నిర్ధారణకు ఆధారం 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం. దాని ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. లైటు వేస్తే కంటిపాప చిన్నదవుతుందా, కనుగుడ్డును తాకితే రెప్ప పడుతుందా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా, చెవిలో చల్లని నీళ్లు పోస్తే కళ్లు కదులుతాయా అని ఒక్కొక్కటీ చూస్తారు. వెంటిలేటర్ ఆపి, సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారేమో కూడా చూస్తారు. వీటిలో ఒక్కటి ఉన్నా బ్రెయిన్‌డెడ్ అనరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ పథకం కింద జరిగే అవయవదానాలకు ఈ నిర్ధారణే తొలి మెట్టు.

ఇక్కడే కుటుంబాలు తల్లడిల్లిపోయే ఘట్టం ఒకటి ఉంది. అన్ని పరీక్షలూ అయ్యాక కూడా మంచం మీది మనిషి వేలు కదలవచ్చు, కాలు ముడుచుకోవచ్చు, అరుదుగా చేతులు ఛాతీ మీదికి లేవవచ్చు. చూసిన తల్లికి బిడ్డ బతికే ఉన్నాడనిపిస్తుంది, డాక్టర్లు తొందరపడ్డారనిపిస్తుంది. అనిపించడం సహజం. కానీ ఆ కదలికకు మెదడుతో పనిలేదు, ముల్లు గుచ్చుకున్నప్పుడు కాలు లాగిన వెన్నుపామే దాన్నీ పుట్టిస్తోంది. రక్తం అందినంతసేపు అది పనిచేస్తుంది. ఈ సంగతి కదలిక కళ్లబడ్డాక చెప్తే సర్దిచెప్పినట్టుంటుంది. పరీక్షలకు ముందే, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి.