సఫారీకి ముందటి దినము

తూర్పు ఆఫ్రికా వనయాత్రకు బయలుదేరువారి చేతిలో ట్రావెల్ ఏజెంటు పెట్టు కార్యక్రమ పత్రములో తొలి పంక్తి ఎప్పుడును ఒకే తీరున నుండును: మొదటి దినము నైరోబీ చేరుట, విశ్రాంతి. రెండవ దినము నుండి సింహములు, ఏనుగులు, జిరాఫీలు పుటలకొలది పరచుకొని యుండగా, ఈ దినమునకు దక్కినవి ఆ నాలుగు మాటలే. చదువువాడు దానిని దాటిపోవును. సొమ్ము కట్టినవాడు ‘ఒక రోజు దండుగ’ యని లోలోన గొణుగుకొనును. దండుగ యనుకొన్న ఆ రోజుననే యాత్ర సుఖమో కష్టమో సగము తేలిపోవుననియు, ఆ దేశపు మనుష్యులను చూచుటకు దొరకునది దాదాపు ఆ యొక్క దినమే యనియు తెలిసివచ్చుసరికి తిరుగు విమానమెక్కు వేళ యగును.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల వారికి ఆఫ్రికా దూరపు కథ కాదు. 1972లో పటాన్‌చెరు చెంత నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, జనుల నోట ఇక్రిశాట్, అర్ధశతాబ్దికి పైగా ఆ ఖండముతో రాకపోకలు నెరపుచున్నది. నైరోబీలో, బమాకోలో, నియామేలో దాని శాఖలు వెలసినవి. హైదరాబాదు చుట్టుపట్ల పరిశ్రమలలో తయారగు మందులు అక్కడి ఆసుపత్రులకు చేరుచున్నవి. పని మీద పోవువారే గాక, కేవలము మృగములను చూడబోవు కుటుంబములును నేడు కలవు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులను పిల్లలు ముచ్చటపడి తీసుకొనిపోవుటయు కద్దు.

సఫారీ యనగానే మన విద్యార్థికి హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో సింహముల నడుమ సాగు బండి స్ఫురించును. స్వాహిలీ భాషలో ఆ మాటకు మృగములతో పనిలేదు. సఫారీ యనగా ప్రయాణము, అంతే. అరబ్బీ నుండి వచ్చిన పదము. సంగారెడ్డి బస్‌స్టాండులో నేటికిని వినబడు ‘సఫర్’ దాని తోడబుట్టినదే. తెల్లదొరలు తుపాకులతో అడవిలోనికి చేసిన ప్రయాణములను ఆ పేర వ్యవహరించుటచే దానికి వేట వాసన అంటుకొన్నది. 1977లో కెన్యా ప్రభుత్వము వేటను నిషేధించిన పిమ్మట తుపాకీ పోయి కెమెరా మిగిలినది. మాట యొక్క అసలర్థమును పట్టి చూచినచో, బండిలో కూర్చుండి సింహమును వెదకు దినముకంటె ఊరుగాని ఊరిలో అడుగిడు దినమే సఫారీ యను పేరునకు ఎక్కువ తగియున్నది.

ఆ దినము నిజమునకు నైరోబీలో మొదలు కాదు. పది దినములు ముందుగా నారాయణగూడలో మొదలగును. అక్కడి ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఎల్లో ఫీవరు టీకా వేసి పచ్చని పుస్తకముపై ముద్ర వేయుదురు. టీకా వేయించుకొన్న పది దినములకు గాని ఆ పత్రము చెల్లదు. 2016 జూలై నుండి అది జీవితాంతము చెల్లుబాటగుచున్నది. ఇందలి చమత్కారమేమన, భారతదేశము నుండి నేరుగా వచ్చువానిని కెన్యా అధికారి దానికై నిర్బంధింపకపోవచ్చును. గట్టిగా అడుగునది మన ప్రభుత్వమే, అదియు తిరుగు ప్రయాణములో. ఎల్లో ఫీవరు మన దేశములో లేదు. దానిని మోయగల దోమ మాత్రము కావలసినంత యున్నది. కాగితము లేక దిగినవానిని ఆరు దినముల వరకు వేరుగా నుంచు అధికారము మన ఆరోగ్యాధికారులకు కలదు. సింహమును చూచి నవ్వుచు వచ్చినవాడు సొంతయూరి వాకిట నిలిచిపోవుటకంటె విచారకరమైనది లేదు. కావున నైరోబీలో దిగిన నాడు పాస్‌పోర్టుతోపాటు ఆ పచ్చ పుస్తకమును కూడ భద్రముగా దాచుట మొదటి పని.

2024 జనవరి నుండి కెన్యా వీసా పద్ధతిని ఎత్తివేసి, ముందుగనే కంప్యూటరు ద్వారా పొందవలసిన ప్రయాణానుమతిని ప్రవేశపెట్టినది. దాని ప్రతిని చేతనుంచుకొన్నవానికి అధికారి ముందట ఆలస్యముండదు. మనవారికి చిక్కు వచ్చునది మరియొక చోట: ఆవకాయ దగ్గర. పచ్చడి సీసాను ఒక పాలిథీన్ సంచిలో చుట్టి, ఆ సంచిని మరియొక సంచిలో నుంచి, దానిని తువ్వాలులో కట్టుట మన గృహిణుల రక్షణ విధానము. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుండి పాలిథీన్ సంచులు నిషిద్ధములు, శిక్షలు కఠినములు. 2020 జూన్ నుండి అభయారణ్యములలోనికి ఒకమారు వాడి పారవేయు నీళ్ళ సీసాలును పోరాదు. గుడ్డసంచి, స్టీలు డబ్బా, స్టీలు నీళ్ళసీసా తీసుకొనిపోయినవాడు నిశ్చింతగా నుండును. మన తాతల ప్రయాణపు సరంజామా అక్కడ చట్టమై కూర్చున్నది!

విమానాశ్రయము వెలుపలికి రాగానే మొదట ఆశ్చర్యపరచునది చలి. ఆఫ్రికా యనగా నిప్పులకొలిమి యని తలచి పలుచని చొక్కాలతో దిగినవారు జూలై, ఆగస్టు నెలల రాత్రులలో వణకుదురు. నైరోబీ భూమధ్యరేఖకు కూతవేటు దూరముననే యున్నను, సముద్రమట్టమునకు సుమారు 1,800 మీటర్ల యెత్తున కలదు. మన హార్సిలీ కొండలు దానికంటె తక్కువ యెత్తు. నగరము పేరే మాసాయి భాషలో చల్లని నీళ్ళను తెలుపును. మారా మైదానములో సూర్యోదయపు వేళ తెరచిన బండిలో గాలి కోతపెట్టును. స్వెటరు చేతిసంచిలోనే యుండవలెను.

కాలమానములో మనకు అక్కడికి తేడా రెండున్నర గంటలే. అలసట గడియారము వలన గాక విమానాశ్రయపు కుర్చీలలో గడపిన రాత్రి వలన కలుగును. గడియారము తెచ్చు చిక్కు వేరొకటి. స్వాహిలీవారు సూర్యోదయము నుండి గంటలను లెక్కింతురు. మన ఉదయము 7 గంటలు వారి భాషలో ‘సా మోజా’, ఒంటి గంట. ఉదయము 6 గంటలు ‘సా కుమీ నా ంబిలీ’, పన్నెండు. నైరోబీలో సంవత్సరము పొడవునను ప్రొద్దు ఇంచుమించు ఒకే వేళకు పొడుచును గనుక ఈ లెక్క చెడదు. ఘడియలును జాములును సూర్యోదయము నుండి ఎంచుకొన్న జాతికి ఇందులో వింత తోచరాదు. పంచాంగము విప్పినవాడు ఇట్టే గ్రహించును. యాత్రికులతో డ్రైవర్లు సామాన్యముగా ఇంగ్లీషు గంటలే చెప్పుదురు. అయినను స్వాహిలీలో చెప్పినప్పుడు ‘మీ లెక్కా, మా లెక్కా?’ యని యొకమారు అడుగుట మేలు.

మధ్యాహ్నము భోజనానంతరము గదిలో పడుకొనువారే పెక్కుమంది. రెండు గంటలు నిద్రించి లేచినచో సాయంకాలము దక్కును. వీథిలోనికి పోయినవాడు మొదట చెవులకు పని చెప్పవలెను. అంగడిని ‘డుకా’ యందురు, మన దుకాణమే. సొమ్ము ‘పెసా’, మన పైసా. 2007లో మొదలై దేశమంతట వ్యాపించిన టెలిఫోను చెల్లింపుల పద్ధతికి ‘ఎం-పెసా’ యని పేరు. పుస్తకము ‘కితాబు’, మందు ‘దావా’, కారణము ‘సబాబు’, వర్ణము ‘రంగి’. ఎదురైన వారిని ‘హబారీ’ యని పలుకరింతురు, ఖబరేమి యని. ‘హరాకా హరాకా హైనా బరాకా’ యను సామెతలో చివరి మాట మన బరకతే. తొందరపడినదానికి బరకతు లేదని భావము. అరబ్బు నావికులు, గుజరాతీ వర్తకులు హిందూ మహాసముద్రపు ఋతుపవనములపై మోసుకొనిపోయిన మాటలివి. అయితే ఒక హెచ్చరిక: స్వాహిలీలో సింహమును ‘సింబా’ యందురు. మన సింహమే యని ఉప్పొంగరాదు. అది బంటు భాషల సొంత పదము, పోలిక కాకతాళీయము.

అంగడిలో మాట తరువాత గింజ. అక్కడి నిత్యాహారము ‘ఉగాలి’. మొక్కజొన్న పిండితో చేయు ముద్ద. మొక్కజొన్న అమెరికా నుండి వచ్చినది. అంతకు పూర్వము ఆ స్థానము జొన్నది, రాగిది. రాగి గంజిని నేటికిని ‘ఉజి’ యని ఉదయమున త్రాగుదురు. జహీరాబాదు జొన్నరొట్టెను, రాయలసీమ రాగిసంకటిని మన నేలకు అనాదిగా చెందినవని భావింతుము. జొన్నను మొదట సాగుచేసినది సూడాను ప్రాంతపు రైతు. రాగి ఇథియోపియా, ఉగాండా మిట్టల బిడ్డ. సజ్జ సహారా దక్షిణపుటంచుది. మూడును వేల యేండ్ల క్రిందట సముద్రము దాటి మన మెట్టభూములకు వచ్చినవి. బదులుగా మన కంది అటు పోయినది. కెన్యాలో దానిని ‘ంబాజీ’ యందురు, తీరప్రాంతములో కొబ్బరిపాలతో వండుదురు. ఇక్రిశాట్ విత్తన భాండారములో ఈ పంటల వేలాది రకములు శీతల గదులలో భద్రముగా నున్నవి. పటాన్‌చెరు నుండి పోయినవాడు నైరోబీ అంగడిలో ఉగాలి ముద్దను చేతితో త్రుంచుకొని తినునప్పుడు, అతిథిగా గాక అమ్మమ్మ ఇంటికి ఆలస్యముగా వచ్చిన మనుమనివలె నుండవలెను.

మన మనుష్యులును అటు పోయినారు. 1896లో మొంబాసా వద్ద మొదలై 1901లో విక్టోరియా సరస్సు చేరిన ఉగాండా రైలుమార్గమునకు సుమారు 32,000 మంది కూలీలను భారతదేశము నుండి తరలించిరి. పంజాబీలు అధికులు. దాదాపు 2,500 మంది అక్కడనే మరణించిరి. 1898లో త్సావో నదిపై వంతెన కట్టుచుండగా రెండు సింహములు రాత్రులందు గుడారములలో చొరబడి కూలీలను ఈడ్చుకొనిపోయినవి. నైరోబీ నగరము ఆ రైలుమార్గపు మజిలీగా 1899లో పుట్టినదే. అచటి రైల్వే మ్యూజియములో ఒక పాత పెట్టె కలదు. 1900లో ఒక పోలీసు అధికారి సింహమును కాచుటకు అందులో కూర్చుండి నిద్రించి, దానికే ఆహారమైనాడు. అధికారి పేరు చరిత్రలో నిలిచినది, పెట్టెకు మ్యూజియములో చోటు దక్కినది. కూలీలలో పెక్కుర పేర్లైనను తెలియవు. రేపు సింహమును చూచి కేరింతలు కొట్టబోవు పిల్లలకు నేడు ఆ పెట్టెను చూపించుట అవసరము. అక్కడనే నిలిచిపోయినవారి సంతతిని కెన్యా 2017లో తన 44వ తెగగా గుర్తించినది.

ఇంకను ప్రొద్దుండినచో నగరపు అంచుననే నైరోబీ జాతీయ వనము కలదు. 1946లో నెలకొల్పిరి, వైశాల్యము 117 చదరపు కిలోమీటర్లు. గడ్డి మేయు జీబ్రాల వెనుక ఆకాశహర్మ్యములు కనబడును. ఖడ్గమృగములు, సింహములు కలవు, ఏనుగులు లేవు. సంగారెడ్డి చెంత మంజీర అభయారణ్యములో గట్టుపై ఎండకు పడియుండు మొసలిని ఓపికతో చూచినవారికి ఇక్కడ క్రొత్తగా నేర్పవలసినది లేదు. తక్కినవారు మాత్రము గట్టిగా మాటలాడక, ఒకచోట అరగంట కదలక యుండుటను ఈ సాయంకాలమే అభ్యసింపవలెను.

రాత్రికి మూటలు విప్పి మరల కట్టవలెను. మారాకు చిన్న విమానములో పోవువారికి సామాన్యముగా 15 కిలోల మెత్తని సంచి మాత్రమే అనుమతింతురు. గట్టి సూట్‌కేసు హోటలులోనే నిలిచిపోవును. రోడ్డున పోవువారికి అయిదారు గంటల కుదుపు. ప్లగ్గు ముళ్ళు మనవి అక్కడ దూరవు. చదరపు ముళ్ళ అడాప్టరు కావలెను. మలేరియా నైరోబీలో అరుదు, మారాలో కలదు. వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్ర మలేరియా ప్రాంతము చేరుటకు ఒకటి రెండు దినములు ముందుగనే మొదలుపెట్టవలసిన రకమైనచో, దానికి ఈ రాత్రియే గడువు. దోమ కడుపులో ఆ వ్యాధిబీజమును రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులోనే. ఆ ఊరివాడు మాత్ర మరచినాడన్న బాగుండదు.

తెల్లవారకముందే తలుపు తట్టుదురు. డ్రైవరు ‘సా కుమీ నా ంబిలీ’ యనును. పన్నెండు. ముందటి దినమున వీథిలో తిరిగినవాడు తొట్రుపడడు. స్వెటరు తొడిగి, స్టీలు సీసాలో నీళ్ళు నింపుకొని, ‘హబారీ’ యని పలుకరించి బండి యెక్కును.