పాట ఒకరిది... రాత ఒకరిది!

పెద్దతిప్పసముద్రం నుంచి కుప్పం దాకా ఏ బడికెళ్లినా వినిపించే పాట 'జనగణమన'. దానికీ మదనపల్లెకూ ఉన్న బంధం ఇక్కడివాళ్లకు కొత్తేం కాదు. మరి ఆ పాట మీద హక్కెవరిదో ఎప్పుడైనా ఆలోచించారా?

1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి వినిపించిన ఆ పాటను, 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ స్వయంగా పాడారు. ఇంగ్లిషు అనువాదమూ ఇక్కడే చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్‌కు పాశ్చాత్య సంగీతం తెలుసు. ఆ బాణీకి ఆవిడ స్వరాలు రాసిపెట్టారు.

బాణీ ఒకరిది, రాత ఇంకొకరిది. చట్టం ఎవరి పక్షం? 1957 నాటి కాపీరైట్ చట్టం మొదట్లో కాగితం మీదికెక్కిన సంగీతాన్నే లెక్కలోకి తీసుకుంది. గొంతు నుంచి గొంతుకు సాగే మన సంగీతానికి అది పొసగని కొలత. 1994లో దాన్ని సవరించారు. స్వరాలు రాసినా రాయకున్నా, బాణీ కట్టినవారే కర్త! ఆ లెక్కన ఇది ఠాగూర్ సొత్తే.

ఆయన 1941లో కన్నుమూశారు. రచనల మీద హక్కులు విశ్వభారతివి. రచయిత పోయాక యాభై ఏళ్లనే గడువు 1991తో తీరిపోవాలి. సరిగ్గా అప్పుడే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, దాన్ని అరవై ఏళ్లు చేసింది. ఠాగూర్ కోసం మారిన ఆ గడువే ఇవాళ మన తెలుగు కవులకూ వర్తిస్తోంది. హక్కున్నన్నాళ్లూ విశ్వభారతి సంగీత మండలి సరేనంటేనే రవీంద్ర సంగీతం రికార్డయ్యేది. దేబబ్రత బిశ్వాస్ అంతటి గాయకుడికే అభ్యంతరాలు తప్పలేదు. 2001 ముగియడంతో ఆ పాటలు అందరివీ అయ్యాయి.

ఠాగూర్‌కు పేరుంది, వెనక సంస్థ ఉంది. మరి నాట్లేస్తూ మన ఆడవాళ్లు పాడే పాటలకో? కట్టిందెవరో తెలియదు, అడిగేవాళ్లు లేరు. వాటిని రికార్డు చేసి విడుదల చేస్తే, ఆ రికార్డింగుపై అరవై ఏళ్ల హక్కు నిర్మాతదే. అయితే పాడినవాళ్లకూ 1994 నుంచి చట్టం ఓ హక్కిచ్చింది. వాళ్ల అనుమతి లేకుండా పాటను రికార్డు చేసి అమ్ముకోకూడదు. ఆ సంగతి తెలిసినవాళ్లే తక్కువ.

అందుకే అవ్వ పాడుతుంటే సెల్‌ఫోన్ తీసేముందు ఒక్కమాట... 'రికార్డు చేసుకోవచ్చా అవ్వా?' అని అడగండి. పాట ఊరిదే కావచ్చు. పాడిన గొంతుకు మాత్రం ఓ పేరుంటుంది. ఆ పేరు కూడా రాసిపెట్టండి!