చలిలో లాగిన పెద్దవల

చేపలమ్మే అత్తతో బేరమాడని ఇల్లాలు ఉంటుందా చెప్పండి! నేనూ అంతే. భీమిలి వచ్చి పన్నెండేళ్ళయింది. అన్నేళ్ళుగా మా వీధికి ఒకే అత్త గంప తెస్తుంది. ఆవిడ నూట యాభై అంటే నేను నూట ముప్పై అంటాను. ఆవిడ గంప ఎత్తుకోబోతుంది, నేను తలుపు వేయబోతాను. చివరికి నా మాటే నెగ్గుతుంది. లోపలికి వచ్చి "ఇరవై రూపాయలు మిగిల్చాను" అని మావారికి గొప్పగా చెప్పుకుంటాను.

సంక్రాంతి వెళ్ళిన వారం. రెండు రోజులు అత్త రాలేదు. మూడోరోజు ఖాళీ గంపతో వీధిలో కనిపిస్తే, "ఏం అత్తా, పండగ ఇంకా అవలేదా?" అన్నాను నవ్వుతూ.

"పండగేటి తల్లీ! వల కాళీగా వచ్చినాది. సేపలు పడనేదు" అంది.

"అంత సముద్రంలో చేపలే లేవా?" అని నోరు జారాను.

ఆవిడ కోప్పడలేదు. "రేపు తెల్లారగట్ల నువ్వే వచ్చి సూడు. తెలుస్తాది" అంది.

మర్నాడు నాలుగున్నరకే లేచాను. స్వెట్టరు, తలకి మఫ్లరు, చేతిలో టీ ఫ్లాస్కు. "ఈ చలిలో సముద్రానికా? నీకేమైనా పిచ్చా?" అని మావారు దుప్పటి ముసుగులోంచే అన్నారు. ఒడ్డుకు వెళ్ళేసరికి ఇంకా చీకటే. ఇసుక మంచుముద్దలా ఉంది. భూమి మీంచి సముద్రం వైపు వీచే గాలి చెవుల్ని కోసేస్తోంది. వణుకుతూ నిలబడ్డ నన్ను చూసి అత్త పకపకా నవ్వింది. "నీలు సల్లగుంటాయనుకున్నావేటి? ఇలా రా, కాలెట్టు" అంది. భయపడుతూనే పెట్టాను. ఆశ్చర్యం! గోరువెచ్చగా ఉన్నాయి. నేల రాత్రికి రాత్రే చల్లబడిపోతుంది కానీ, సముద్రం అంత తొందరగా చల్లబడదట. పుష్యమాసంలో బయటి గాలికన్నా నీళ్ళే నయమన్నమాట!

రెండు తాళ్ళు, నలభై చేతులు

మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవల అనీ, అలివి వల అనీ అంటారు దీన్ని. తాడు ఒక కొస ఒడ్డున ఉన్నవాళ్ళకిచ్చి, పడవలో కొందరు సముద్రంలోకి వెళ్తారు. వల వదులుకుంటూ అర్ధచంద్రంలా తిరిగి, రెండో కొస తెచ్చి దూరంగా మరోచోట ఒడ్డున వాళ్ళకిస్తారు. ఇక రెండు జట్లూ లాగడమే. లాగుతూ లాగుతూ ఒకరికొకరు దగ్గరవుతారు. వల నడుమ సన్న కన్నుల సంచి ఉంటుంది. చేపలన్నీ చివరికి చేరేది అందులోకే. ఈ పని చలికాలంలోనే బాగా సాగుతుంది. వానాకాలపు పోటు తగ్గి, అలలు కాస్త నెమ్మదిస్తాయి. కవళ్ళు, నెత్తళ్ళు గుంపులు గుంపులుగా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి.

ఆ రోజు ఒక్కో తాడుకీ పదిమంది దాకా ఉన్నారు. అరవై దాటిన తాతలు, మీసాలు రాని కుర్రాళ్ళు. ఒంటి మీద తడిసిన లుంగీ, చొక్కా తప్ప మరేమీ లేదు. గంటన్నర గడిచినా వల రాలేదు. ఆఖర్లో చేతులు చాలక ఆడవాళ్ళూ తాడు పట్టారు. నేనూ స్వెట్టరు చేతులు పైకి లాక్కుని పట్టాను. పది నిమిషాలకే అరచేతులు మండిపోయాయి. పక్కనున్న అత్త అరచేతులు చూశాను. చెప్పు అడుగులా గట్టిపడి ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ఆ చేతుల్లో డబ్బులు పెడుతున్నాను. ఒక్కసారీ చూడలేదు!

వల ఒడ్డుకు చేరింది. సంచి విప్పారు. సగం జెల్లీ చేపలే! వాటిని ఏరి పారేస్తే మిగిలింది నాలుగైదు గంపలు... కాసిని కవళ్ళు, కారలు, అడుగున కొద్దిగా కానాగంతలు. వాటితోపాటు ఒక పెద్ద తాబేలు కూడా చిక్కుకుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి గట్టి రక్షణ ఇచ్చింది. కానీ ఆ క్షణంలో అక్కడ చట్టం ఎవరికీ గుర్తులేదు. జట్టు పెద్దాయన "కూర్మావతారం" అంటూ దండం పెట్టి, కత్తి తీసి వల కన్నులు కోశాడు. తాబేలు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. చిరిగిన వల బాగు చేసుకోవడానికి వాళ్ళకి మధ్యాహ్నమంతా పట్టింది.

అత్త లెక్క

వేలం ఒడ్డునే. అత్త ఒక గంప పన్నెండు వందలకు పాడింది. ఆ డబ్బు ఆవిడది కాదు. పొద్దున్నే అప్పు తెచ్చింది. సాయంత్రానికి యాభై కలిపి తిరిగి ఇచ్చెయ్యాలి. ఐసుకి యాభై. తడి గంపని బస్సెక్కించుకోరు కాబట్టి ఆటోకి నూట యాభై. అంతా కలిపితే పద్నాలుగు వందల యాభై. తను చెప్పిన ధరకే మొత్తం అమ్ముడుపోతే పదిహేడు వందలు వస్తాయి. అంటే మిగిలేది రెండు వందల యాభై. ఇంతలో పది ఇళ్ళలో పదిమంది ఇల్లాళ్ళు తలా ఇరవై తగ్గిస్తే..? మిగిలేది యాభై. పదిమందిలో నేనూ ఒకదాన్ని! ఆ లెక్క అయ్యేసరికి నా ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది.

ఎండెక్కాక అత్త ఒక కానాగంత చేతిలో పెట్టి, "ఇది మా సేప" అంది. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలు, బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లనే అందులో రాసుకున్నాడు. అందుకే ఈ చేపకి ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త'! మన తీరపు తెలుగు మాట అలా శాస్త్ర గ్రంథాలకెక్కింది.

అత్త చెప్పిన కిటుకులు కూడా వినండి. తాజా చేప కన్ను ఉబ్బి, తేటగా ఉంటుంది. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడుకోవాలి. చిన్న చేపలని చులకన చేయకండి. నెత్తళ్ళని ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం దండిగా అందుతుంది. కవళ్ళలో ఒమేగా-3 కొవ్వులు ఎక్కువ. చింతపండు పులుసులో వేశాక గరిటె పెట్టకుండా గిన్నెనే అటూ ఇటూ తిప్పండి, ముక్క చెదరదు. ఆ పులుసు మర్నాటికి ఇంకా బావుంటుంది.

ఇంతకీ బేరం మానేశానా అంటారా? అబద్ధమెందుకు, పూర్తిగా మానలేదు. అలవాటు కదా! కానీ ఇప్పుడు ధర అడిగే ముందు ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. "ఇవాళ వల ఎలా వచ్చింది అత్తా?"

బాగా వచ్చిందంటే బేరం. లేదంటే ఆవిడ చెప్పిందే ధర.