పంచింగ్ నేర్పు ఒకరిది, నమూనాపై హక్కు మరొకరిది

కృత్రిమ నూలు వస్త్రాలకు దేశంలో ప్రధాన కేంద్రమైన సూరత్‌లో చీరెలపై, జాకెట్టు గుడ్డలపై పూలు, లతలు కుట్టే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాలు వేల సంఖ్యలో పనిచేస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన అనేక కుటుంబాలకు ఆ నగర వస్త్ర పరిశ్రమే జీవనాధారం. అక్కడ తయారయ్యే చీరెలు తెలుగునాట చిన్న పట్టణాల దుకాణాలకు సైతం చేరుతున్నాయి. అయితే చిత్రకారుడు గీసిన బొమ్మను యంత్రం నేరుగా కుట్టలేదు. ఏ కుట్టు ఎక్కడ మొదలై ఏ దిశగా సాగాలో దానికి ఒక్కొక్కటిగా చెప్పవలసి ఉంటుంది. ఈ పనినే పరిశ్రమలో ‘పంచింగ్’ అంటారు. వస్త్రం అందానికీ, యజమాని లాభానికీ మూలమైన ఈ పనివారికి తమ సృష్టిపై హక్కు మాత్రం అంతంత మాత్రమే.

చిల్లుల అట్ట నుంచి ఫైలు వరకు

స్విట్జర్లాండ్‌కు చెందిన ఐజాక్ గ్రోబ్లీ 1863లో షిఫ్లి ఎంబ్రాయిడరీ యంత్రాన్ని రూపొందించారు. తొలినాళ్లలో పెద్దదిగా గీసిన బొమ్మపై మనిషి ఒక్కొక్క కుట్టునూ గుర్తిస్తూ యంత్రాన్ని నడిపేవాడు. తదుపరి ఆ బాధ్యతను చిల్లులు పొడిచిన అట్టలు స్వీకరించాయి. పంచింగ్ అన్న పేరు అలా వచ్చినదే. 1980 దశకం నుంచి ఈ పని కంప్యూటర్ తెరపైకి మారింది. అట్ట పోయింది, పేరు నిలిచింది.

దారం స్వభావం తెలియాలి

బొమ్మను స్కాన్ చేసి తెరపైకి తెచ్చాక అసలు పని ఆరంభమవుతుంది. సన్నని గీతకు వరుస కుట్టు, ఆకులకు, అక్షరాలకు నిగనిగలాడే శాటిన్ కుట్టు, విశాలమైన భాగాలకు నింపుడు కుట్టు ఎంచుకోవాలి. శాటిన్ కుట్టు మరీ వెడల్పయితే దారం వదులై గాజులకు, గోళ్లకు తగులుకొంటుంది. దారం బిగుసుకొన్నప్పుడు గుడ్డను లోపలికి లాగుతుంది గనుక, తెరపై గుండ్రంగా ఉన్న చుక్క గుడ్డపై కోలగా మారుతుంది. ఆ లాగుడును ముందుగానే అంచనా వేసి కుట్టు దిశలో కొలత కొద్దిగా పెంచాలి. పై కుట్టు కుదురుగా నిలిచేందుకు అడుగున పలుచని కుట్టు వేయాలి. మందపు గుడ్డకు సరిపోయిన సాంద్రత జార్జెట్‌పై ముడతలు తెస్తుంది. బొమ్మను తమంతట తామే కుట్లుగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చినా, గుడ్డను బట్టి ఫలితాన్ని సరిదిద్దే పని అనుభవజ్ఞుడికి తప్పడం లేదు.

ఈ నేర్పుకు ఆర్థిక విలువ కూడా ఉంది. యంత్రం పనికి కూలిని సాధారణంగా వేయి కుట్ల లెక్కన కడతారు. నిమిషానికి 800 కుట్ల వేగంతో 10,000 కుట్ల నమూనాకు పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందం చెడకుండా దానిని 8,000 కుట్లకు తగ్గించగలిగితే 10 నిమిషాలు చాలు. యంత్రానికి 20 తలలుంటే అన్నీ ఒకే నమూనాను ఒకేసారి కుడతాయి. పంచింగ్‌లో దొర్లిన చిన్న పొరపాటు కూడా 20 చోట్ల కనిపిస్తుంది.

చట్టం ఏమంటున్నది?

రోజుల తరబడి శ్రమించి చేసిన ఫైలును క్షణాల్లో నకలు తీయవచ్చు. అందుకే పంచింగ్ చేసేవారు సవరించదగిన మూల ఫైలును తమ వద్ద ఉంచుకొని, యంత్రం చదివే కుట్ల ఫైలును మాత్రమే ఇవ్వడం పరిపాటి. అయితే నకలు కుట్టడానికి ఆ ఫైలే చాలు. అది చేజిక్కకపోయినా, బజారులో చీరె కొని నమూనాను తిరిగి పంచింగ్ చేయించవచ్చు.

2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదైన నమూనాకు 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ లభిస్తుంది. అయితే సరుకు బజారుకు రాకముందే దరఖాస్తు చేయాలి. సీజన్‌కొక మోజు మారే వ్యాపారంలో ప్రతి నమూనాను నమోదు చేయించడం చిన్న యజమానులకు భారమే. నమోదుకు అర్హమైన నమూనాను అలా చేయించకపోతే, దానితో కూడిన వస్తువు పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారుకాగానే ఆ నమూనాపై కాపీరైట్ సైతం అంతరిస్తుందని 1957 కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతున్నది. తలకొక జాకెట్టు గుడ్డ బిగిస్తే 20 తలల యంత్రం మూడో విడతలోనే ఆ హద్దు దాటుతుంది.

అంతేకాక, ప్రతిఫలం తీసుకొని మరొకరి కోసం నమూనా రూపొందిస్తే, చేయించుకొన్నవారినే డిజైన్ల చట్టం యజమానిగా గుర్తిస్తుంది. కనుక నమూనాలో సృజన తమదైనప్పుడు, పని చేపట్టే ముందే హక్కులు, ప్రతిఫలం, తిరిగి వాడుకొనే షరతులు రాతపూర్వకంగా ఖరారు చేసుకోవడం పంచింగ్ పనివారికి శ్రేయస్కరం. ఎక్కువ అమ్మకాలకు అవకాశమున్న నమూనాలనైనా ముందుగా నమోదు చేయించడం యజమానులకు లాభదాయకం. చిన్న యూనిట్ల తరఫున వ్యాపార సంఘాలు ఈ నమోదు పనిని చేపట్టినట్లయితే, ఒకరి శ్రమను మరొకరు అప్పనంగా అనుభవించే పరిస్థితికి కొంతైనా అడ్డుకట్ట పడగలదు.