బర్రె అరవదు.. మనమే కనిపెట్టాలి!

'మూడుసార్లు సూది వేయించినం. అయినా చూడి కట్టలే'.. తొర్రూరు చుట్టుపక్కల పాడి ఉన్న ఇళ్లలో ఈ మాట కొత్తదేం కాదు. తప్పంతా సూదిదే అనుకుంటారు. లేదంటే బర్రె గొడ్డుబోయిందని సంతకు తోలేస్తారు. కానీ చాలాసార్లు తప్పేది టైము!

బర్రె 21 రోజులకోసారి ఎదకొస్తుంది. అదీ 12 నుంచి 24 గంటలే. ఆ కాసేపు చూడకపోతే మళ్లీ 21 రోజులు ఆగాల్సిందే. మూడుసార్లు తప్పితే రెండు నెలలు దాటిపోతుంది. పాలు రావు, గడ్డీ దాణా ఖర్చు మాత్రం ఆగదు.

ఆవు ఎదకొస్తే ఊరంతా వినబడేలా అరుస్తుంది, పక్క ఆవుల మీదికెక్కుతుంది. బర్రె అలా కాదు, మహా గుంభనం. దీన్నే 'మూగ ఎద' అంటారు. ఎండాకాలంలోనైతే ఆ కాస్త లక్షణాలూ రాత్రిపూటే, అందరూ నిద్రపోయాక! మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం ఉబ్బడం, మేత తగ్గడం, ఉన్నట్టుండి పాలు ఎగబట్టడం.. ఇవే గుర్తులు. అన్నిటికన్నా నమ్మకమైంది అద్దంలా తేటగా సాగే తీగ. పడుకున్న చోట తెల్లవారుజామున అది కనిపిస్తుంది. పేడ తీసే ఇల్లాలి కంటే ముందుగా దాన్ని చూసేదెవరు? సూది వేయించడానికి వెళ్లేది మగవాళ్లు, గుర్తుపట్టేది మాత్రం ఆడవాళ్లే. తీగ తెల్లగా, చీములా ఉంటే సూది కాదు, ముందు వైద్యం కావాలి.

ఇక సూది ఎప్పుడు? పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ 1940ల్లో ఆవులపై పరిశోధించి చెప్పిన లెక్క ఇది. బర్రెకూ పనికొస్తుంది. దానికి అండం విడుదలయ్యేది ఎద ముగిశాకే కాబట్టి, కనిపించీ కనిపించగానే వేస్తే వీర్యం వృథా. మన దేశంలో ఈ పద్ధతిలో తొలి దూడను బర్రె ఈనింది 1943లో, అలహాబాద్‌లో.

వీర్యం ఉండేది మైనస్ 196 డిగ్రీల చలిలో, ద్రవ నత్రజని డబ్బాలో. స్ట్రాను బయటికి తీశాక 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ఉంచి, తుడిచి, వెంటనే వేయాలి. అరచేతుల్లో రుద్ది వేసేస్తుంటే, అడ్డుచెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

గోపాలమిత్రలు 2000ల మొదట్లో ఇంటి ముంగిటికే రావడంతో దూరాభారం తగ్గింది. తొర్రూరు 2016లో వరంగల్ నుంచి విడిపోయి మహబూబాబాద్ జిల్లాలో కలిసింది. జిల్లా మారినా బర్రె గుణం మారదుగా! ఉత్త వరిగడ్డితోనే నెట్టుకొస్తే ఎదే సరిగా రాదు. పచ్చిమేతతోపాటు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టాలి.

సూది వేయించాక 21వ రోజున ఎద కనిపించకపోతే చూడి కట్టిందని సంబరపడిపోతారు. మూగ ఎద బర్రె విషయంలో ఆ లెక్క నమ్మకూడదు. రెండు, మూడు నెలల మధ్య డాక్టరుతో పరీక్ష చేయించాలి. అందుకే సూది వేయించిన తేదీని కొట్టం గోడ మీద బొగ్గుతోనైనా సరే రాసిపెట్టుకోవాలి.