జానెడు బాట మీద రైలు ప్రయాణం

మన పెద్ద రైలుపట్టాల నడుమ ఎడం 5½ అడుగులు. అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రపు చిలోక్విన్ దగ్గరున్న ‘ట్రెయిన్ మౌంటెన్’ బుల్లిరైలుకు 7½ అంగుళాలే! అయితేనేం, పైన్ చెట్ల మధ్య 36 మైళ్ల పైచిలుకు పట్టాలున్నాయి. 2004లో గిన్నిస్ పుస్తకానికెక్కింది.

నేనూ ఎక్కాను. పెట్టెలో కాదు, పెట్టె మీదే, గుర్రమెక్కినట్లు చెరోపక్క కాళ్లు వేసుకుని కూర్చోవాలి. ముచ్చటపడి పక్కకు వంగితే బండి ఒరిగిపోగలదు. పెద్దరైలులో మనం నిద్రపోయినా ఫరవాలేదు; ఇక్కడ ప్రతి ప్రయాణీకుడూ తూకం కాచుకోవలసిందే.

పట్టాలు పరచి, వాటిని సరిచూసేది ఈ సరదా ఉన్న సభ్యులే, జీతం ఆశించరు. సొంత ఇంజన్లు తెచ్చుకుని నడుపుకుంటారు. పెద్దవాళ్లకు బొమ్మరైళ్లేమిటని నవ్వవచ్చు. కాని ఒక్క పట్టా కుంగినా మనుషులకు దెబ్బలు తగులుతాయి. అంత శ్రద్ధగా ఆడేదాన్ని ఉత్త ఆట అనడానికి నాకు నోరు రాలేదు.