సమాధి దాకా ఆగవద్దు

పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం దగ్గర మాటామాటా పెరిగి, ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని అక్కచెల్లెళ్లు తల్లి కొన ఊపిరితో ఉందని తెలిసి ఒకే గదిలోకి వస్తారు. ఒకరు కాళ్లు ఒత్తుతారు, ఒకరు చెంచాతో నీళ్లు పోస్తారు. కానీ వారిద్దరి మధ్య మాటలుండవు. ఇలాంటి ఇళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి.

అబ్రాహాము 175 ఏళ్లకు మరణించినప్పుడు, ఒకనాడు ఇల్లు విడిచి వెళ్లాల్సి వచ్చిన ఇష్మాయేలు, వారసుడైన ఇస్సాకు కలిసి తండ్రిని మక్పేలా గుహలో పాతిపెట్టారు (ఆదికాండము 25:9). అంతకు ముందే వారు సమాధానపడ్డారా? గ్రంథం చెప్పదు. ఆ ఇస్సాకు 180 ఏళ్లకు చనిపోతే ఏశావు, యాకోబులు సమాధి చేశారు (35:29). వీరు మాత్రం తండ్రి బతికుండగానే ఒకటయ్యారు. 20 ఏళ్ల ఎడబాటు తర్వాత ఏశావు పరుగెత్తి వెళ్లి తమ్ముణ్ని కౌగిలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు (33:4). మోసపోయినవాడే ముందుగా పరుగెత్తాడు!

అర్పణ బలిపీఠం ఎదుటే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:24). పొలం సంగతి రేపు పెద్దల ముందు తేల్చుకోవచ్చు. తల్లి చెవులు వినేది ఈ రోజే. ఆమె కోసం ప్రార్థించే ముందు మంచానికి అటువైపు ఉన్న తోబుట్టువును పలకరించండి. ‘అక్కా, తిన్నావా?’ అన్న ఒక్క మాట చాలు.